శనగ మానేస్తే ఏం వేయాలి? ధనియాలు, వాము, కుసుమ, నువ్వులు, ఆముదం, పొద్దుతిరుగుడు: ఏది ఎవరికి

దసరా దాటిందంటే మా కర్నూలు పడమటి వైపు అరుగుల మీద ఒకటే చర్చ. వానాకాలం ఖాళీగా వదిలిన నల్లరేగడిలో ఈసారి ఏం వేద్దాం? శనగ వేసీ వేసీ చేనుకు ఎండు తెగులు పట్టింది. విత్తనాల బస్తా ధర అడగాలంటేనే భయం. పక్కూరాయన ధనియాలు అమ్మి మిద్దె కట్టాడని అందరూ చెబుతారు. అదే ధనియాలు మరుసటి ఏడు వేసి ఆయన తమ్ముడు అప్పుల పాలైన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

శనగ, పత్తి, వరి, మిరప లాంటి పెద్ద పంటలను కాసేపు పక్కన పెట్టి, చిన్న నూనెగింజలు, చిన్న సుగంధ పంటల మధ్య ఎటూ తేల్చుకోలేని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ పంటల్లో మనకు పోటీ పక్క చేను రైతు కాదు. ఆముదంలో గుజరాత్ రైతు, ధనియాల్లో రాజస్థాన్ రైతు, నువ్వుల్లో ఆఫ్రికా రైతు, పొద్దుతిరుగుడులో ఉక్రెయిన్ నుంచి ఓడలో వచ్చే నూనె. "ఏ పంటకు ధర బాగుంది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. "ఏ పంటలో నా నేల వాళ్ల కంటే చవగ్గా పండిస్తుంది?" అని అడిగితే జవాబు చాలాసార్లు మారిపోతుంది.

## ముందు కొలతలు

మొదటిది, క్వింటాలు మనకు ఎంతకు పడుతుంది. ఎకరా ఖర్చు అందరూ వేసుకుంటారు, క్వింటాలు ఖర్చు వేసుకునేవాళ్లు తక్కువ. లెక్క తీరు చూపడానికి కొన్ని అంకెలు అనుకుందాం. సేద్యం, విత్తనం, మందులు, కోత, నూర్పిడి, కౌలు అన్నీ కలిపి ఎకరాకు 16,000 రూపాయలు, పంట 4 క్వింటాళ్లు. క్వింటాలు 4,000కు పడింది. వాన మొహం చాటేసి 2 క్వింటాళ్లే వస్తే 8,000కు పడింది. ఈ రెండో అంకెను గత మూడేళ్లలో మీ యార్డులో పలికిన అతి తక్కువ ధర పక్కన పెట్టి చూడండి. రెంటికీ మధ్య ఉన్న తేడా భరించగలిగితే వేయండి. మంచి ఏడు లాభాన్ని మంచి ధరతో గుణించి మురిసిపోయే లెక్క కాగితం మీదే నిలుస్తుంది.

రెండోది తడులు. నేలలో నిలిచిన తేమతోనే గట్టెక్కే పంటకూ, పూతకొక తడి, గింజకొక తడి కావాల్సిన పంటకూ పోలికే లేదు.

మూడోది చేతులు. కోతకు కూలీలు కావాలా, మిషన్ దిగుతుందా? ఊళ్లో మిరప కోతలు నడిచే నెలలోనే మీ ధనియాలు పీకాల్సి వస్తే కూలి ఎంత పెరుగుతుందో మీకే తెలుసు.

నాలుగోది కాంటా దూరం. చిన్న పంటల్లో సగం మోసం ఇక్కడే. మీ యార్డులో ఆ పంటను కొనేవాళ్లు ఇద్దరే అయితే, ధర నిర్ణయించేది ఆ ఇద్దరే.

ఐదోది మద్దతు ధర. మన దేశంలో ఆముదానికి లేదు, ధనియాలకూ వాముకూ లేదు. కుసుమ, నువ్వులు, పొద్దుతిరుగుడు, వెర్రినువ్వులకు ఉంది. అయితే ప్రకటించడం వేరు, కొనడం వేరు. కేంద్ర ప్రభుత్వం ధర మద్దతు పథకం కింద నాఫెడ్ అనే సహకార సంస్థ ద్వారా కొన్నా, మామూలుగా పంటలో నాలుగో వంతు వరకే. కొనుగోలు కేంద్రం తెరిచేది ఎప్పుడు, తేమ ఎంత అడుగుతారు, రైతుకు ఎన్ని క్వింటాళ్ల పరిమితి అన్నది కోతకు ముందే కనుక్కోవాలి.

నల్లరేగడిలో ఇవన్నీ తలపడేది శనగతోనే కాబట్టి పట్టికలో శనగను కొలబద్దగా పెట్టాను. దిగుబడులు మామూలు ఏడువి, ఎకరాకు క్వింటాళ్లలో. శనగ, కుసుమల మద్దతు ధర 2026-27 రబీ మార్కెటింగ్ సీజన్‌ది, మిగతావి 2025-26 ఖరీఫ్‌వి.

| పంట | కాలం (రోజులు) | దిగుబడి | మద్దతు ధర (రూ.) | అసలు పోటీదారు |
|---|---|---|---|---|
| శనగ (కొలబద్ద) | 90–105 | 5–7 | 5,875 | మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, దిగుమతులు |
| ధనియాలు | 85–100 | 2–4 | లేదు | రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్ |
| వాము | 140–160 | 2–4 | లేదు | గుజరాత్, రాజస్థాన్ |
| కుసుమ | 115–130 | 4–6 | 6,540 | దిగుమతి నూనెలన్నీ |
| నువ్వులు (వేసవి, తడులతో) | 80–95 | 3–5 | 9,846 | ఆఫ్రికా దేశాలు |
| ఆముదం | 150–180 | 4–6 | లేదు | గుజరాత్ |
| పొద్దుతిరుగుడు (తడులతో) | 85–95 | 7–9 | 7,721 | ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనా |

పట్టికను చూసి పొద్దుతిరుగుడే మొదటి స్థానం అనుకోకండి. 7 క్వింటాళ్లను 7,721తో గుణిస్తే 54,000 దాటుతుంది, నిజమే. ఆ ధరకు ఎవరు కొంటారన్నది కిందికి వచ్చాక మాట్లాడుకుందాం.

## ధనియాలు: పైకప్పు ఉంది, నేల లేదు

వానాధార నల్లరేగడికి ధనియాలంత సులువైన పంట తక్కువ. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మధ్య వరకు విత్తుకోవచ్చు. గింజను రుద్ది రెండు బద్దలుగా చీల్చి విత్తాలి, గుండు గింజ వేస్తే మొలక సరిగా రాదు. మంచు, నేలలో తేమ చాలు. ఎరువు తక్కువ, శనగతో పోలిస్తే విత్తనం ఖర్చు చాలా తక్కువ. గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి సాధన, స్వాతి, సింధు, సుధ, సుస్థిర లాంటి రకాలు వచ్చాయి. విత్తడం ఆలస్యమైన వాళ్లకు కాలం తక్కువున్న స్వాతి నయం. తెగుళ్లలో భయపెట్టేది బూడిద తెగులు. మబ్బు పట్టి, చలి కాస్త ఎక్కువైతే వారంలో చేనంతా తెల్లబడుతుంది. మొదటి మచ్చ కనబడినప్పుడే గంధకం కొట్టని వాళ్లు తర్వాత ఏం కొట్టినా దండగే.

పోటీలో మనకున్న ఒకే ఒక్క మేలు నెల. మన చేలు జనవరి చివర, ఫిబ్రవరిలో కోతకు వస్తాయి. రాజస్థాన్‌లోని రామ్‌గంజ్‌మండీ, మధ్యప్రదేశ్‌లోని గునా యార్డుల్లో రాశులు ముమ్మరంగా పడేది ఫిబ్రవరి చివరి నుంచి. ఆ మూడు నాలుగు వారాలు దాటితే మన సరుకు వాళ్ల సరుకు పక్కన నిలబడాలి, అక్కడ రంగు చూస్తారు. ఆకుపచ్చ తిరిగిన గింజకూ, మంచులో తడిసి నల్లబడిన గింజకూ క్వింటాలుకు వేలల్లోనే తేడా ఉంటుంది. తెల్లవారుజామున పీకి, నీడపట్టున ఆరబెట్టి, గింజ రాలకుండా జాగ్రత్తగా కొట్టినవాళ్లకే ఆ తేడా దక్కుతుంది. నా లెక్కలో ధనియాల రైతు నైపుణ్యమంతా చివరి పది రోజుల్లోనే ఉంది.

ఇక ధర. ప్రపంచంలో ధనియాలు ఎక్కువగా పండించేదీ తినేదీ మనమే. ఇక్కడ ధర ఎగిస్తే చాలు, రష్యా, బల్గేరియాల గింజ మసాలా మిల్లులకు దిగుతుంది. పెరిగినప్పుడు తలకు తగిలే పైకప్పు ఇది. పడ్డప్పుడు కింద పట్టుకునేది ఏదీ లేదు, మద్దతు ధర లేదు కాబట్టి. పైగా ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో ఫ్యూచర్స్, అంటే ముందస్తు ధరల వ్యాపారం, నడుస్తాయి కాబట్టి అక్కడ పొద్దున పడిన ధర మధ్యాహ్నానికి మన యార్డు వేలంలో కనిపిస్తుంది. ఈ ఊగిసలాటను తట్టుకునే దారి ఒకటే, ఎండిన గింజను ఆరేడు నెలలు దాచుకోగలగడం. అప్పు తీర్చాల్సిన గడువు మార్చిలో ఉన్న వాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

## వాము: ఇరుకు సందు, కానీ మన సందు

ఈ జాబితాలో మనవాళ్లు నిజంగా దేశంలోనే ముందు వరుసలో నిలబడగలిగింది వాము ఒక్కటే అనిపిస్తుంది నాకు. గుజరాత్‌లో జామ్‌నగర్, మధ్యప్రదేశ్‌లో నీమచ్ ఎలాగో, దక్షిణాదిన వాముకు కర్నూలు యార్డు అలాంటిది. ఆలూరు, ఆస్పరి, ఆదోని నల్లరేగళ్లూ, నది అవతల గద్వాల వైపు చేలూ ఆ యార్డునే నమ్ముకున్నాయి. కాంటా దగ్గరుండటం, కొనేవాళ్లకు సరుకు తెలిసుండటం, వేలంలో నలుగురైదుగురు పాట పాడటం... ఈ మూడూ ఒకచోట ఉన్న చిన్న పంట మా ప్రాంతంలో మరొకటి లేదు.

చిక్కులూ ఉన్నాయి. ఆగస్టు, సెప్టెంబరులో విత్తితే జనవరి, ఫిబ్రవరిలో గాని చేతికి రాదు. ముందు ఒక పంట తీసి వెనక వేసే వీలు లేదు. అంటే చేనుకు ఏడాదికి వాము ఒక్కటే. గింజ ఇసుకంత సన్నం. ఇసుక కలిపి విత్తినా లోతు ఎక్కువైతే మొలవదు. మొలిచిన మొదటి నెలన్నర మొక్క చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఈలోగా కలుపు దాన్ని మింగేస్తుంది. కలుపు కూలి లెక్క వేయకుండా వాము ఖర్చు తక్కువ అనేవాళ్ల మాట నమ్మకండి.

అసలు ప్రమాదం సంత చిన్నది కావడం. దేశం మొత్తం వాడేదే కొంచెం. ఒక ఏడు ధర బాగా పలికితే మరుసటి ఏడు నాలుగు మండలాలు అదనంగా వేస్తాయి, అంతే, ధర కుప్పకూలుతుంది. అందుకే వాము విషయంలో నేను పాటించే సూత్రం కొంచెం వంకరగా ఉంటుంది. గత సీజన్‌లో ధర బాగుంటే విస్తీర్ణం తగ్గిస్తాను. అందరూ విసిగి మానేసిన ఏడు పెంచుతాను. ప్రతిసారీ ఫలించిందని చెప్పను గానీ, గుంపుతో పాటు వేసిన ఏళ్ల కంటే మేలే.

## కుసుమ: అందరూ వదిలేసిన పంటకు మళ్లీ పని పడింది

1980ల్లో దేశంలో లక్షల హెక్టార్లలో ఉన్న కుసుమ ఇప్పుడు లక్ష హెక్టార్లు కూడా దాటడం లేదు. కారణం ముళ్లు. కాళ్లకు గోనె పట్టాలు చుట్టుకుని కోసే కూలీలు దొరకని రోజు వచ్చాక పంట కూడా పోయింది. పైగా చవకైన దిగుమతి నూనెలు వచ్చిపడ్డాక కుసుమ నూనె అడిగేవాడే లేడు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ధర కదిలితే మన కుసుమ మిల్లు ధర కదులుతుంది.

అయినా ఇప్పుడు మళ్లీ చూడమంటాను, మూడు కారణాలకు. వరి కోసే మిషన్‌నే సర్దుబాటు చేసి కుసుమ కోయిస్తున్నారు, ముల్లు గొడవ తీరింది. అడవి పందులు ఈ ముళ్ల చేలోకి దూరడానికి జంకుతాయి. తాండూరు, జహీరాబాద్ వైపు శనగ, జొన్న చేల చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసుకోవడం అందుకే. మూడోది, గానుగ నూనెకు పట్నాల్లో గిరాకీ పెరిగింది. ఊళ్లో గానుగ ఉంటే మిల్లు ధరతో పనిలేదు.

రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఇటీవలి రకాల్లో నూనె శాతాన్ని బాగా పెంచింది. పాత రకాల్లో నూటికి 28–30 మించనిది కొత్తవాటిలో 34కు, కొన్నింట్లో అంతకు పైకి చేరింది. గానుగ ఆడించేవాళ్లకు ఈ తేడానే లాభం. విత్తనం అడిగేటప్పుడు దిగుబడి ఒక్కటే కాదు, నూనె శాతం కూడా అడగండి. చీడల్లో పేనుబంక ఒకటి చూసుకోవాలి, ఆలస్యంగా విత్తిన చేనుకే అది ఎక్కువ. అక్టోబరులోనే విత్తేయండి.

శనగతో పక్కపక్కన పెడితే? కుసుమ 5 క్వింటాళ్లు మద్దతు ధరకు 32,700. శనగ 6 క్వింటాళ్లు 35,250. వచ్చేది శనగకే ఎక్కువ. కానీ విత్తనం, మందుల ఖర్చు తీసేస్తే రెండూ దాదాపు ఒకచోటికి వస్తాయి, కరువు ఏడు కుసుమ వేరు లోతుకు పోయి నిలబడుతుంది. శనగకు ఆ బలం లేదు. కొనుగోలు కేంద్రం లేని జిల్లాలో మాత్రం గానుగ చూసుకున్నాకే దిగండి.

## నువ్వులు: ధర ఉంది, షరతులూ ఉన్నాయి

నువ్వులంటే రెండు పంటలు. కోస్తాలో పునాస నువ్వులు ఒకటి, జగిత్యాల, నిజామాబాద్ వైపు వానాకాలం పంట కోత తర్వాత జనవరి చివర, ఫిబ్రవరిలో వేసే వేసవి నువ్వులు మరొకటి. మీకు కాలువ చివరి తడులో, నీళ్లు తగ్గిన బోరో ఉంటే రెండోదే మేలు. వరికి సరిపోని నీళ్లతో నువ్వు గట్టెక్కుతుంది, మూడు నెలల్లో చేతికొస్తుంది. 4 క్వింటాళ్లకు మద్దతు ధరతో లెక్కేస్తే 39,384. ఎకరాకు రెండున్నర కిలోల విత్తనం చాలు.

రంగు చూసి రకం ఎంచుకోండి. తెల్ల నువ్వు ఎగుమతికి, పొట్టు తీసే మిల్లులకు పోతుంది. జగిత్యాల పరిశోధన స్థానం వాళ్ల శ్వేత రకం అందుకే నిలబడింది. గోధుమ రంగు నువ్వు నూనెకు, ముఖ్యంగా తమిళనాడు మిల్లులకు. ఎలమంచిలి పరిశోధన స్థానం నుంచి వచ్చిన గౌతమ, శారద లాంటివి ఆ జాతివి. మన ఆవకాయకు పోసే పప్పునూనె కూడా ఆ గింజదే. మీ ఊరికి వచ్చే వ్యాపారి ఏ రంగు ఎత్తుకుపోతాడో తెలుసుకోకుండా విత్తనం కొన్నవాళ్లు కాంటా దగ్గర క్వింటాలుకు నాలుగైదు వందలు వదులుకోవడం చూశాను.

పోటీ? ప్రపంచంలో నువ్వులు ఎక్కువగా కొనేది చైనా, దానికి ఎక్కువగా అమ్మేది ఆఫ్రికా. సూడాన్, టాంజానియా, ఇథియోపియా లాంటి దేశాల్లో కూలి చవక, మందుల వాడకం తక్కువ. ఆ నువ్వులు మన దేశంలోకీ వస్తాయి. మనకు మిగిలిన బలం నాణ్యత, శుభ్రత. అక్కడే ఒకసారి దెబ్బ తిన్నాం. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి వెళ్లిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని బెల్జియం బయటపెట్టింది. యూరప్ అంతటా సరుకు వెనక్కి తీశారు, తనిఖీలు బిగించారు. ఆ రసాయనం రైతు కొట్టింది కాదు, క్రిములు చంపడానికి తర్వాత పట్టించింది. అయినా ధర దెబ్బ తగిలేది రైతుకే. కళ్లంలో మట్టి తగలకుండా టార్పాలిన్ మీద నూర్చి, జల్లెడ పట్టి అమ్మితే ఆ శుభ్రతకు డబ్బు ఇచ్చే కొనుగోలుదారు ఈమధ్య దొరుకుతున్నాడు.

నష్టం వచ్చే చోట్లు రెండు. వెర్రి తెగులు పడితే పూలన్నీ ఆకులైపోతాయి, మందు లేదు, పీకి కాల్చడమే. రెండోది కోత. కింది కాయలు పసుపెక్కగానే కోయాలి. పైకాయ కూడా పండనీ అని ఆగితే కింది కాయ పగిలి గింజ నేలపాలు. మే నెల గాలివాన ఒక్కటి చాలు.

## ఆముదం: ప్రపంచంలో మనదే రాజ్యం, కానీ రాజు గుజరాత్

ప్రపంచ ఆముదంలో నూటికి ఎనభై ఐదు పైచిలుకు మన దేశానిది. ఇంత బలమైన వాటా మరే నూనెగింజలోనూ లేదు. మరి పాలమూరు, నల్గొండ ఎర్ర చెల్కల్లో ఆముదం ఎందుకు తగ్గిపోయింది? దేశపు పంటలో ఎనభై శాతం దాకా ఒక్క గుజరాత్‌దే కాబట్టి. ప్రపంచంలో మొదటి ఆముదం హైబ్రిడ్ 1968లో అక్కడే వచ్చింది. తడులతో, హైబ్రిడ్లతో వాళ్లు హెక్టారుకు రెండు టన్నుల చుట్టూ తీస్తారు, మన చెల్కలో వానను నమ్ముకుని దాని దరిదాపులకు చేరడం కూడా గగనమే. నూనె మిల్లులూ అక్కడే ఉన్నాయి కాబట్టి మన గింజకు లారీ కిరాయి తగ్గించి ధర కడతారు. దేశం పోటీలో గెలుస్తోంది, మన చెల్క ఓడుతోంది. "భారత్ అగ్రస్థానం" అనే మాట విని పంట ఎంచుకునే ముందు ఆ అగ్రస్థానం ఎవరి చేలో ఉందో చూడాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అయినా ఒకరికి ఇది సరైన పంట. ఎర్ర నేల, తడి లేదు, కోతులూ పందులూ ఎక్కువ, కూలీలు తక్కువ ఉన్న వాళ్లకు. ఆముదం గింజ విషం, పశువూ పందీ దాని జోలికి రావు. గెలలు విడతలుగా పండుతాయి కాబట్టి ఇంటివాళ్లే తీరిక చూసి కోసుకోవచ్చు. గింజ ఏడాది నిల్వ ఉన్నా చెక్కు చెదరదు. పాలెం పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత లాంటి రకాలు, పీసీహెచ్-111 లాంటి హైబ్రిడ్లు ఉన్నాయి. దాసరి పురుగు ఆకుల్ని ఈనెలు మిగిల్చి తినేస్తుంది, చిన్నగా ఉన్నప్పుడే చూడాలి. పూత, కాయ దశలో ముసురు పడితే మాత్రం బూజు తెగులు గెలను గెలగానే కుళ్లబెడుతుంది. తుపాను ముసురు ఎక్కువగా పట్టే తీర జిల్లాల్లో దీన్ని నేను సలహా ఇవ్వను.

## పొద్దుతిరుగుడు: మంచి పంటే, మార్కెట్టే పగబట్టింది

1990ల మొదట్లో దేశంలో 25 లక్షల హెక్టార్లు దాటిన పంట ఇది. కర్నూలు, అనంతపురం చేలన్నీ పసుపే. 1997లో నెక్రోసిస్ వైరస్ వచ్చి మొక్కల్ని మాడ్చింది, దాని వెనకే దిగుమతి నూనె వరద. ఇప్పుడు పదో వంతు విస్తీర్ణం మిగిలింది. ఢిల్లీలో దిగుమతి సుంకం అంకె మారితే మన యార్డులో గింజ ధర మారుతుంది. ముడి నూనె మీద మొత్తం సుంకం 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెంచారు, రైతులు కాస్త ఊపిరి పీల్చుకున్నారు, 2025 మే చివర మళ్లీ 16.5 శాతానికి దించారు. విత్తేటప్పుడు ఒక సుంకం, కోసేటప్పుడు ఇంకో సుంకం.

అందుకే నా సలహా సూటిగా: మీ మండలంలో మద్దతు ధర కేంద్రం గత రెండేళ్లు నిజంగా తెరిచి, నిజంగా కొనుంటేనే వేయండి. లేదంటే వద్దు. గింజలో నూనె త్వరగా చెడుతుంది కాబట్టి ధర కోసం దాచే వీలు కూడా లేదు. ఒంటరి చేను వేస్తే చిలుకలు ఆ ఊరివన్నీ మీ చేలోనే ఉంటాయి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే దఫా వేయాలి.

## ఆశపడకూడనివి

2023 జూలైలో జీలకర్ర ఫ్యూచర్స్ ధర క్వింటాలు 60,000 దాటినప్పుడు మనవైపు కూడా విత్తనం కోసం ఫోన్లు తిరిగాయి. ఏడాది తిరిగేసరికి ధర సగానికి పడింది. ధర సంగతి వదిలేయండి, జీలకర్రకు గుజరాత్, రాజస్థాన్ పొడి చలి కావాలి. మన శీతాకాలం దానికి చాలదు, పూత మీద ఒక్క మబ్బు పడితే మాడిపోతుంది. ఆవాలదీ అదే కథ. ఆదిలాబాద్, నిజామాబాద్‌లో కాస్త వస్తుంది, దక్షిణానికి వచ్చేకొద్దీ చలి చాలదు.

వెర్రినువ్వులు, విశాఖ ఏజెన్సీ వాళ్లు వలిసెలు అంటారు, మైదానం వాళ్లకు కాదు. ఎకరాకు క్వింటాలున్నర వస్తే గొప్ప. 2025-26 మద్దతు ధర 9,537తో లెక్కేసినా మొత్తం 14,000 చిల్లర. కానీ అరకు, పాడేరు కొండవాలు మీద ఎరువూ మందూ లేకుండా వచ్చే పంట కాబట్టి అక్కడి గిరిజన రైతుకు ఖర్చు దాదాపు శూన్యం. పసుపు చేలో ఫొటోలకు వచ్చే వాళ్ల దగ్గర టికెట్టు తీసుకునే రైతులు పంట కంటే పూలతో ఎక్కువ సంపాదిస్తున్నారని నవ్వుకుంటారు. నవ్వులాటే అయినా లెక్క తప్పు కాదు.

## మీరు ఎవరు?

సొంత నల్లరేగడి, నీళ్లు లేవు, ఇంట్లో నాలుగు చేతులున్నాయి, మార్చిలో అప్పు గడువు లేదు: ధనియాలు. దాచుకునే ఓపిక మీకే ఉంది కాబట్టి ఊగిసలాట మీకు లాభం. వానాకాలం చేను ఖాళీగా ఉంచేవారై, కర్నూలు యార్డు ఒక పూట దూరంలో ఉంటే సగం వాము వేయండి.

కౌలుదారు అయితే ధనియాలూ వాము రెండూ జూదమే. కౌలు ముందే కట్టాలి, పెట్టుబడి వడ్డీకి తేవాలి, దాచుకోవడానికి వీల్లేదు. శనగతోనే ఉండండి. మార్చాలనుకుంటే కుసుమ, అదీ కొనే గానుగ మాట ఇచ్చాకే.

కాలువ చివర ఉన్నవారు, బోరు ఫిబ్రవరికి నీరసించేవారు నువ్వులకు రండి. వరి, మొక్కజొన్న వేసి మార్చిలో చేను ఎండిపోతుంటే ట్యాంకర్ కోసం తిరగడం కంటే ఇది నయం. 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన నూనెగింజల మిషన్‌లో నువ్వులు, పొద్దుతిరుగుడు ముఖ్య పంటల వరుసలో ఉన్నాయి. మీ వ్యవసాయ అధికారిని దాని కింద విత్తనం అడగండి.

ఎర్ర చెల్క, కోతుల బెడద, పిల్లలు హైదరాబాద్‌లో: ఆముదం, కందితో కలిపి. ఆముదం ఒక్కటే వేస్తే ఏడాదంతా ఒకే ధరను నమ్ముకోవాలి.

భూమి ఇక్కడ, మీరు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి ఫోన్లో సేద్యం చేయించేవారైతే ధనియాలు అసలొద్దు. చివరి పది రోజుల పంట అని పైన చెప్పాను కదా, ఆ పది రోజులు మీరు చేలో ఉండరు. మిషన్‌తో కోసే కుసుమే మీకు దగ్గరి పంట.

విత్తనం కొనే ముందు ఒక పని. యార్డుకు వెళ్లి అడ్తి దుకాణంలో కాదు, కాంటా దగ్గర సరుకు దించుతున్న రైతును అడగండి: డబ్బు ఎన్ని రోజులకు ఇచ్చారు, తరుగు కింద క్వింటాలుకు ఎన్ని కిలోలు తీశారు, మట్టి పేరు చెప్పి ఎంత కోశారు. నేను ఒకసారి ధర మాత్రమే అడిగి వెళ్లి, మూడు నెలలు చెక్కు కోసం తిరిగాను.

ఈసారి మా ఐదెకరాల్లో రెండెకరాలు శనగ, రెండెకరాలు ధనియాలు, ఒక ఎకరం వాము, శనగ చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ. వాముకు ధర పోయినేడు బాగా పలికింది, అందుకే ఎకరమే.